మంట గొంతులో... మెలిక మెడలో!

పాలు తాగిన పావుగంటకే పాపాయి విల్లులా వెనక్కి వంగిపోతుంది. మెడ ఓ పక్కకు తిరిగిపోతుంది. చూపు పైకి పోయినట్టు అనిపిస్తుంది. ‘మూర్ఛ’ అంటూ ఇల్లంతా హడలిపోతుంది. కానీ అన్నిసార్లూ అది మూర్ఛ కాకపోవచ్చు. కడుపులోని పులుపు గొంతు దాకా ఎగదన్నినప్పుడు కొందరు పసిపిల్లల ఒళ్లు ఇలా కూడా మెలి తిరుగుతుంది. అలాగని ‘గ్యాసేలే’ అని కొట్టిపారేయడమూ ప్రమాదమే. మరి ఈ రెంటినీ వేరు చేసేదెలా? ఈ వారం ఆ సంగతులే...

కొన్నేళ్ల కిందటి మాట. రాత్రి పదకొండు దాటింది. అక్క ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది.

‘‘పాప ఏదోలా అయిపోతోందే. పాలు పట్టి పడుకోబెట్టానా... ఉన్నట్టుండి వెనక్కి విరుచుకుపోయింది. మెడ ఎడమ పక్కకి తిప్పేసింది. రెండు నిమిషాలు అలాగే ఉండి గుక్కపట్టి ఏడ్చింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి’’ అంది. పాపకప్పుడు అయిదో నెల.

తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని వెళ్లాను. నేను వెళ్లేసరికే ఇంట్లో తీర్పులన్నీ అయిపోయాయి. అమ్మ దిష్టి అంది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది కూడా. పక్కింటావిడ వాయువంది, గ్రైప్ వాటర్ సీసా తెచ్చిచ్చింది. అమ్మమ్మ మాత్రం ఏమీ అనలేదు. గోడకి చేరగిలబడి కూర్చుంది. ఆవిడ భయం వేరు. పసిబిడ్డ ఒళ్లు విల్లులా వంగిందంటే ఆవిడ తరానికి గుర్తొచ్చేది ఒక్కటే... ధనుర్వాతం. ధనుస్సులా వంచేసే జబ్బు కాబట్టే దానికా పేరు. పురిట్లోనే బిడ్డల్ని ఎత్తుకుపోయిన ఆ జబ్బును టీకాలూ, ఆసుపత్రి కాన్పులూ తరిమేశాయి. తల్లులకూ పురిటిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని భారత్ అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది కూడా. కానీ అమ్మమ్మలకు ఆ భయం ఎక్కడికి పోతుంది?

దగ్గర్లోని డాక్టరు పాపను రెండు నిమిషాలు చూసి ‘ఫిట్స్ అయ్యుంటాయి’ అన్నారు. ఓ సిరప్ రాశారు. అది రోజూ, నెలల తరబడి వెయ్యాల్సిన మందు. అక్క సీసా కొంది కానీ మనసు ఒప్పక, అదే రోజు మధ్యాహ్నం పక్క పట్నంలో పిల్లల డాక్టరుకు చూపించింది.

ఆవిడ ముందు పాపను ముట్టుకోలేదు. ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఇది ఎప్పుడొస్తోంది? పాలు తాగకముందా, తాగాకా? నిద్రలో ఎప్పుడైనా వచ్చిందా? ఆ సమయంలో బిడ్డ ఏడుస్తోందా, స్పృహ లేనట్టు ఉంటోందా? కిందటి నెల బరువెంత, ఇప్పుడెంత? అన్నీ రాసుకుని, ‘‘ఇక్కడే కూర్చుని పాలు పట్టండి, చూద్దాం’’ అన్నారు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆవిడ కళ్లెదుటే పాప మళ్లీ మెలి తిరిగింది. ఆవిడ పేరు పెట్టి పిలిస్తే ఏడుపులోనే కళ్లు ఇటు తిప్పింది.

‘మూర్ఛలా లేదు’ అన్నారావిడ. అయినా మెదడు పరీక్ష చేయించాకే ఆ మాట ఖాయం చేశారు. ఎందుకలా అన్నది తర్వాత చెబుతాను. ఆ జబ్బు పేరు అప్పుడే మొదటిసారి విన్నాను... శాండిఫర్ సిండ్రోమ్.

పేరు వెనకున్న కథ

1964లో బ్రిటన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రికలో మార్సెల్ కిన్స్‌బర్న్ అనే వైద్యుడు ఓ చిత్రమైన సంగతి రాశారు. కొందరు పిల్లలు మెడను వింతగా మెలితిప్పుతున్నారు. నరాల జబ్బేమో అని చూస్తే నరాలు బాగానే ఉన్నాయి. అసలు తేడా పొట్టలో ఉంది. జీర్ణాశయం పైభాగం, ఉదరవితానం అనే కండరపు తెరలోని రంధ్రం గుండా ఛాతీలోకి జారుతోంది. దాన్నే హయటస్ హెర్నియా అంటారు. తినగానే మెలికలు పెరుగుతున్నాయి. ఈ సంబంధాన్ని మొదట పసిగట్టింది పాల్ శాండిఫర్ అనే నరాల వైద్యుడు. అందుకే ఆయన పేరే జబ్బుకు స్థిరపడిపోయింది.

హెర్నియా లేకపోయినా, కేవలం ఆమ్లం పైకి తన్నడం వల్ల కూడా ఇది వస్తుందని తర్వాత తేలింది. అలాగని ఇది రోజూ కనబడే జబ్బేం కాదు. రిఫ్లక్స్ జబ్బున్న పిల్లల్లో నూటికి ఒక్కరికన్నా తక్కువ మందిలోనే ఇలాంటి మెలికలు కనబడతాయని అంచనా. అరుదు కాబట్టే చాలామందికి వెంటనే స్ఫురించదు. స్ఫురించదు కాబట్టే మూర్ఛ మందుల దాకా పోతుంది.

కక్కని బిడ్డ ఉంటుందా?

ముందు ఒక మాట. పసిపిల్లలు పాలు కక్కడం జబ్బు కాదు. మూడు నెలల లోపు బిడ్డల్లో దాదాపు సగం మంది రోజుకు ఒకసారైనా కక్కుతారు. నాలుగో నెలకు ఇది బాగా పెరుగుతుంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు కక్కేవాళ్లే! అక్కణ్నుంచి తగ్గుతూ వచ్చి, ఏడాది నిండేసరికి నూటికి అయిదుగురు మిగులుతారేమో.

ఎందుకిలా? అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట ఓ కండరపు బిగింపు ఉంటుంది. తిన్నది కిందికి పోయేటప్పుడు తెరుచుకుని, ఆ తర్వాత మూసుకోవాలి. పసివాళ్లలో అది అప్పుడప్పుడూ అకారణంగా వదులవుతుంటుంది. పైగా పెద్దవాళ్ల అన్నవాహిక పాతిక సెంటీమీటర్ల దాకా ఉంటే, పుట్టిన బిడ్డది పది సెంటీమీటర్ల లోపే. తాగేది పలచటి పాలు. రోజులో ఎక్కువసేపు ఉండేది వెల్లకిలా. ఇక తాగే మొత్తం చూడండి. బిడ్డ రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. ఆ లెక్కన అరవై కిలోల మనిషి రోజుకు తొమ్మిది లీటర్లు తాగాలి! మనమైనా కక్కకుండా ఉంటామా?

కక్కినా నవ్వుతూ ఆడుకుంటూ, బరువు సరిగా పెరుగుతున్న బిడ్డకు మందులక్కర్లేదు. భుజమ్మీద ఓ తువ్వాలు ఉంటే చాలు. అలాకాక కక్కడం వల్ల బిడ్డ బాధపడుతున్నా, పాలు వద్దంటున్నా, బరువు పెరగకపోయినా, అన్నవాహిక లోపలి పొర పుండుపడినా అప్పుడది జబ్బు. ఆ జబ్బుకున్న ఎన్నో ముఖాల్లో ఈ మెలికలు తిరగడం ఒకటి.

కడుపుకీ మెడకీ ఏమిటి చుట్టరికం?

జీర్ణాశయంలోని ఆమ్లం గట్టిది. దాన్ని తట్టుకునే పొర జీర్ణాశయానికి ఉంది, అన్నవాహికకు లేదు. ఆమ్లం పైకి రాగానే అక్కడ మంట పుడుతుంది. పెద్దవాళ్లమైతే ‘గుండెల్లో మంట’ అని చెబుతాం. లేచి కూర్చుంటాం. గ్లాసుడు నీళ్లు తాగుతాం. అయిదు నెలల బిడ్డ ఏం చేస్తుంది? తన చేతిలో ఉన్నది తన ఒళ్లే. దాన్నే వంచుతుంది.

అన్నవాహిక నుంచి మెదడుకు కబుర్లు మోసే ప్రధానమైన తంత్రి వేగస్ నాడి. ఆ మంట కబురు మెదడు కాండానికి చేరినప్పుడు, అక్కడి నుంచి మెడ, వెన్ను కండరాలకు ప్రతిచర్యగా ఆదేశాలు వెళతాయన్నది ఒక వివరణ. ఇంకో వివరణ మరీ ఆసక్తికరం. మెలిక తిరగడం బిడ్డ చేసుకుంటున్న వైద్యమే కావచ్చు! 1989లో బ్రిటన్ వైద్యులు ఇలాంటి పిల్లల అన్నవాహికలో ఒత్తిడిని కొలిచారు. మెడ, ఒళ్లు మెలి తిప్పినప్పుడు అన్నవాహిక కదలికలు బలంగా, వేగంగా మారి ఆమ్లం త్వరగా కిందికి దిగుతున్నట్టు కనిపించింది. అంటే పైపులో అడ్డుపడ్డదాన్ని మనం పైపు అటూ ఇటూ వంచి కిందికి పంపినట్టన్నమాట. చూడ్డానికి మనకు భయం. బిడ్డకు మాత్రం అదే ఊరట!

ఎలా ఉంటుందంటే...

ఈ మెలికలు ఉన్నట్టుండి వస్తాయి. మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుంటుంది. వీపు వెనక్కి వంగుతుంది. ఒక్కోసారి చేతులూ కాళ్లూ బిగుస్తాయి. గొంతులో గరగర వినిపించవచ్చు. సాధారణంగా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఉంటుంది. రోజుకు పదిసార్లు వచ్చే పిల్లలూ ఉన్నారు.

గమనిస్తే కొన్ని గుర్తులు దొరుకుతాయి. పాలు తాగేటప్పుడు గానీ, తాగిన అరగంటలో గానీ ఎక్కువ. నిద్రలో దాదాపు రావు. తెలివి తప్పదు. అయిపోయాక మగతలోకి జారిపోదు. వీటితోపాటు పాలు పట్టగానే రొమ్మునో సీసానో తోసేయడం, పదేపదే కక్కడం, బరువు పెరగకపోవడం, వదలని దగ్గు, రక్తహీనత కూడా ఉండొచ్చు. కక్కకపోయినా జబ్బు ఉండొచ్చని మరవద్దు. గొంతు దాకా వచ్చి తిరిగి కిందికి పోయే పాలు మన కంటికి కనబడవు.

అందరిలోనూ ఇంత గట్టిగా ఉండదు. పాలు తాగుతూ తాగుతూ వెనక్కి విరుచుకోవడం, ఒడిలో ఒదగకుండా కర్రలా బిగుసుకోవడం వంటి చిన్న గుర్తులే చాలామందిలో కనిపిస్తాయి. కొందరిని బోర్లా వేస్తే చాలు, ఏడుస్తారు. పాలతో నిండిన పొట్ట నొక్కుకుపోతుంటే మరి ఏడవరా? పాలు పట్టిన వెంటనే కాకుండా, పట్టబోయే ముందు కాసేపు బోర్లా ఆడిస్తే సరి. మెడ నిలబడాలన్నా, పాకాలన్నా ఆ ఆట కావాలి కాబట్టి మానేయకూడదు.

నడిచే వయసు పిల్లల్లోనూ ఇది ఉంటుంది. అన్నం తింటుంటే తల ఓ పక్కకు వాల్చి మెడ సాగదీస్తారు. ఇంట్లోవాళ్లు ‘పాడు అలవాటు’ అని కసురుతారు. బడిలో మాస్టారు ‘తిన్నగా కూర్చో’ అంటారు. తిన్నగా కూర్చుంటే మంట అని వాడికి చెప్పడం రాదు. అయితే మెడ పక్కకు వాలడానికి వేరే కారణాలూ చాలా ఉన్నాయి. పుట్టుకతోనే మెడ కండరం ఒకవైపు పొట్టిగా ఉండటం, కంటి చూపులో తేడా, మెడలో ఇన్ఫెక్షన్, అరుదుగా మెదడు వెనుకభాగంలో కణితి... వీటిని కొట్టివేశాకే కడుపు మీదికి నింద వేయాలి. రోజంతా మెడ వాలిపోయే ఉంటే, తలనొప్పి, పొద్దున్నే వాంతులు, నడకలో తూలు ఉంటే ఆలస్యం చెయ్యకూడదు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. ఈ పిల్లల్లో రిఫ్లక్స్ చాలా ఎక్కువ. కండరాల బిగువు ఉన్నట్టుండి పెరిగిందంటే ‘జబ్బు ముదిరింది’ అనుకుని ఊరుకుంటారు. కానీ నొప్పి ఏదైనా సరే ఆ బిగువును పెంచుతుంది. మలబద్ధకం కావొచ్చు, పంటి నొప్పి కావొచ్చు, ఆమ్లం మంట కావొచ్చు. మాట రాని బిడ్డ కాబట్టి మనమే వెతకాలి. మంట తగ్గిస్తే బిగువూ తగ్గి, ఫిజియోథెరపీకి ఒళ్లు సహకరించిన పిల్లలున్నారు.

అసలు ప్రమాదం ఇక్కడ!

మా పాప విషయంలో ‘మూర్ఛలా లేదు’ అన్నాక కూడా డాక్టరు ఈఈజీ ఎందుకు చేయించారో చెబుతానన్నాను కదా. రిఫ్లక్స్‌ను మూర్ఛ అనుకుంటే బిడ్డకు అక్కర్లేని మందులు పడతాయి. అది నష్టమే. కానీ మూర్ఛను రిఫ్లక్స్ అనుకుంటే? ఆ నష్టం పూడ్చలేనిది.

ఇదే వయసులో, అంటే ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది నెలల మధ్య, ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అనే మూర్ఛ మొదలవుతుంది. దీన్ని లోకానికి మొదట చెప్పింది విలియం వెస్ట్ అనే ఇంగ్లిష్ వైద్యుడు. 1841లో అదే ‘లాన్సెట్’ పత్రికకు లేఖ రాశాడాయన. అందులోని బిడ్డ ఎవరో కాదు, ఆయన సొంత కొడుకే! ఒక తండ్రి తన కొడుకును రోజుల తరబడి కనిపెట్టి చూసి, దారి చెప్పమని తోటి వైద్యుల్ని వేడుకున్న లేఖ అది. ఆ జబ్బుకు ఇప్పటికీ వెస్ట్ సిండ్రోమ్ అనే పేరుంది. బిడ్డ సలాం కొట్టినట్టు ముందుకు వంగుతుంది కాబట్టి ‘సలాం మూర్ఛ’ అనీ అనేవారు.

ఇందులో ఒక్కో కుదుపు ఒకటి రెండు సెకన్లే. తల ముందుకు వాలుతుంది, చేతులు విసిరినట్టు చాపుతుంది, కాళ్లు పొట్టలోకి ముడుస్తుంది. కొందరు వెనక్కి విరుచుకుంటారు కూడా. కొన్ని సెకన్ల విరామం, మళ్లీ కుదుపు. ఇలా వరసగా పదులసార్లు! ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే. మధ్యలో ఏడుస్తుంది కాబట్టి తల్లి ‘కడుపునొప్పి’ అనుకుంటుంది. ‘ఉలిక్కిపడింది’ అంటారు ఇంకొకరు. వారాలు గడిచిపోతాయి. ఈలోగా నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తుంది. నిలిచిన మెడ వాలిపోతుంది. కళ్లలో కళ్లు పెట్టి చూడదు. ఈ జబ్బులో వైద్యం ఎంత త్వరగా మొదలైతే మెదడు ఎదుగుదలకు అంత మేలు. ఏసీటీహెచ్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, వైగాబట్రిన్ వంటి మందులున్నాయి. లేనిది సమయమే.

అందుకే గుర్తుపెట్టుకోండి. పాలకూ మెలికలకూ లంకె ఉంటే కడుపు మీద అనుమానం. నిద్ర లేవడానికీ కుదుపులకూ లంకె ఉండి, అవి వరసగా వస్తుంటే, వచ్చిన విద్యలు మరిచిపోతుంటే మెదడు మీద అనుమానం. ఆ రెండోదైతే రేపు అనకండి. అయితే ఈ లంకెలు అనుమానానికి మాత్రమే. తీర్పు చెప్పాల్సింది డాక్టరే. మా డాక్టరమ్మ కూడా తన కంటితో చూసి, ఆ తర్వాతే పరీక్షతో సరిపోల్చుకున్నారు మరి!

ముందు ఫోన్ తీయండి

బిడ్డ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బుద్ధిమంతురాలైపోతుంది. ఒక్క మెలికా తిరగదు. మనం నోటితో చెప్పేది ఎంత చెప్పినా సగమే. అందుకే ఇవాళ పిల్లల డాక్టర్లు మొదట అడిగేది వీడియో. కంగారులో ఫోన్ తీయాలని తోచదు, నిజమే. కానీ రెండోసారి వస్తే తియ్యొచ్చు.

బిడ్డ ఒళ్లంతా, ముఖంతో సహా కనబడేలా తీయండి. దుప్పటి తీసేయండి. గట్టిగా పట్టుకుని ఆపే ప్రయత్నం చేయకండి. మధ్యలో పేరు పెట్టి పిలవండి, చూపు తిప్పుతుందేమో తెలుస్తుంది. అయిపోయాక కూడా ఒక నిమిషం తీయండి. ఓ కాగితం మీద మూడు రోజులపాటు పాలు పట్టిన వేళ, ఎంత తాగింది, కక్కిందా, మెలిక ఎప్పుడొచ్చింది, నిద్ర ఎప్పుడు పోయింది రాయండి. ఆ కాగితం చాలా పరీక్షల ఖర్చు తప్పిస్తుంది. అయితే వరస కుదుపులు అనుమానిస్తే మూడు రోజుల కాగితం కోసం ఆగొద్దు. వీడియో పట్టుకుని బయల్దేరండి.

అవసరాన్ని బట్టి డాక్టర్లు ఈఈజీ తీయిస్తారు. పేగులు మెలిపడ్డాయేమోనన్న అనుమానం ఉంటే బేరియం వంటి ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తారు. సన్నటి గొట్టాన్ని ముక్కు ద్వారా అన్నవాహికలోకి పంపి ఒక రోజంతా ఆమ్లాన్ని కొలిచే పరీక్ష ఉంది. మెలిక వచ్చిన క్షణానికీ ఆమ్లం పైకొచ్చిన క్షణానికీ పొంతన కుదిరిందా అన్నది ఇందులో తేలుతుంది. పుండ్లు అనుమానిస్తే ఎండోస్కోపీ. ఇవన్నీ అందరికీ అక్కర్లేదు.

వైద్యం పాలగిన్నె దగ్గరే మొదలు

మా ఇంట్లో ఏం జరిగిందంటే... అక్క ఉద్యోగంలో చేరాక డబ్బా పాలు మొదలయ్యాయి. పాప సన్నగా ఉందని అమ్మ ఒక్కోసారికి గిన్నె నిండా పట్టేది. అదీ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో. కక్కితే ఆకలేసుంటుందని మళ్లీ పట్టేది. ప్రేమే! కానీ ఆ చిన్న పొట్ట ఎంతని పడుతుంది?

డాక్టరు మొదట మార్చింది ఇదే. మొత్తం పాలు అవే, కానీ కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. తల ఎత్తుగా పెట్టి పట్టడం. పట్టాక ఇరవై ముప్ఫై నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకోవడం. మధ్యమధ్య తేన్పు తెప్పించడం. నూనె మర్దన, స్నానం పాలు పట్టకముందే. తాగగానే ఎగరేసి ఆడించడం బంద్. తల్లిపాలు తాగే బిడ్డకు అవి ఆపాల్సిన పనే లేదు. కక్కుతోందని తల్లిపాలు మాన్పించడం పెద్ద పొరపాటు.

రెండోది, పాల మాంసకృత్తులు పడకపోవడం. కొందరు పిల్లల్లో ఆవుపాల అలెర్జీ అచ్చం రిఫ్లక్స్‌లాగే కనబడుతుంది. మెలికలతో సహా. అనుమానం ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు ఆ పాలు ఆపి చూస్తారు. డబ్బా పాలు తాగేవాళ్లకు మాంసకృత్తుల్ని విడగొట్టిన ప్రత్యేకమైన పాలపొడి ఇస్తారు. తల్లిపాలు తాగే బిడ్డయితే తల్లి తన తిండిలో పాలు, పెరుగు, నెయ్యి వంటివి ఆపాలి. ‘ఆవుపాలు పడకపోతే గేదెపాలో మేకపాలో పడతాయి’ అనుకోవద్దు. ఒకటి పడని బిడ్డకు తక్కినవీ చాలాసార్లు పడవు. ఇవన్నీ డాక్టరు చెబితేనే, వాళ్లు చెప్పినన్నాళ్లే. పాలు చిక్కబరిచే పొడులు కూడా అంతే. ఎవరో చెప్పారని బియ్యప్పిండి కలపకండి.

మూడోది మందులు. వీటికీ తగ్గకపోతే, అన్నవాహిక పుండుపడిందనుకుంటే ఆమ్లాన్ని తగ్గించే మందులు నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తారు. ఊరికే కక్కే ప్రతి బిడ్డకూ ఇవి వెయ్యకూడదు. ఆమ్లం మనకు కాపలా కూడా. దాన్ని తగ్గిస్తే విరేచనాలు, న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్లకు కాస్త దారి ఇచ్చినట్టే.

ఇంకో హెచ్చరిక. వాంతులు తగ్గడానికి వాడే మెటోక్లోప్రమైడ్ అనే మందు కొందరు పిల్లల్లో మెడ తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి పోవడం తెస్తుంది. ఏ మెలికల కోసం మందు వేశామో ఆ మెలికల్నే అది పుట్టిస్తుందన్నమాట! ఏడాదిలోపు పిల్లలకు దీన్ని వాడొద్దని 2013లో యూరప్ ఔషధ సంస్థ చెప్పింది. కాబట్టి మందుల షాపులో అడిగి వాంతుల చుక్కలు కొనకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అప్పటిదాకా వేసిన ప్రతి సీసా పట్టుకెళ్లండి.

మందులకూ లొంగని కొద్దిమందికి, పెద్ద హెర్నియా ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేస్తారు. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ మడిచి కుడతారు. కండువా చుట్టినట్టు. దాన్ని ఫండోప్లికేషన్ అంటారు. అంతదాకా వచ్చేది చాలా తక్కువమందికే. మిగతావాళ్లలో రిఫ్లక్స్ అదుపులోకి రాగానే మెలికలూ పోతాయి. నరాల మీద ఏ మచ్చా మిగలదు.

ఇవి మాత్రం వద్దు

కక్కి ఊపిరాడదేమోనని బిడ్డను బోర్లా పడుకోబెట్టి నిద్రపుచ్చుతారు చాలామంది. తప్పు. నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు బోర్లా పడుకునే బిడ్డలకే ఎక్కువ. రిఫ్లక్స్ ఉన్నా సరే, ఏడాది దాకా నిద్ర వెల్లకిలానే, చదునైన పక్క మీదే. తల కింద దిండ్లు పెట్టి ఎత్తు చేయొద్దు. బిడ్డ జారి, మెడ ముడుచుకుని ఊపిరికి అడ్డం పడుతుంది. బోర్లా వెయ్యడం మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కన ఉన్నప్పుడే.

ఏడాదిలోపు తేనె నాకించొద్దు. బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. వస, వాము నీళ్లు, గ్రైప్ వాటర్ ఈ మంటను తగ్గించవు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. మెలిక వచ్చినప్పుడు నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టొద్దు. పక్కకు తిప్పి పట్టుకుని, ముఖం మీద నీళ్లు చల్లకుండా ఉంటే చాలు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

* వాంతి పచ్చగా, ఆకుపసరులా ఉన్నా, నెత్తురు పడినా
* రెండు మూడు వారాల వయసు నుంచి వాంతి పిచికారీలా దూరంగా చిమ్ముతూ రోజురోజుకీ పెరుగుతున్నా
* పొట్ట ఉబ్బి గట్టిపడినా, మలంలో నెత్తురున్నా
* జ్వరం, మగత, మాడు ఉబ్బడం ఉన్నా
* ఊపిరి ఆగినట్టయినా, పెదాలు నీలంగా మారినా
* మెలికలు నిద్రలో వస్తున్నా, తెలివి తప్పినా, నిద్ర లేవగానే వరసగా కుదుపులొస్తున్నా
* నవ్వు, చూపు, మెడ నిలపడం వంటివి వెనక్కి పోతున్నా

ఇవి కాక... బరువు పెరగకపోయినా, ఆరు నెలలు దాటాక కొత్తగా వాంతులు మొదలైనా, ఏడాది నిండినా తగ్గకపోయినా ఆ వారంలోనే పిల్లల డాక్టరును కలవాలి.

మా పాపకు పాలపొడి మార్చారు. గిన్నె చిన్నదైంది. నెలన్నరపాటు ఆమ్లం మందు వేశారు. మూడో వారానికి మెలికలు రోజుకొకటికి దిగాయి. అన్నప్రాసన నాటికి అసలు లేవు. ఆ మూర్ఛ సిరప్ సీసా మూత తీయకుండానే మూలన పడింది. అక్క దాన్ని చాన్నాళ్లు పారెయ్యలేదు. ఎందుకే అంటే, ‘‘ఒక్క ప్రశ్న అడిగుంటే ఇది కొనేదాన్ని కాదుగా... చూసినప్పుడల్లా గుర్తుంటుందని’’ అంది.

ఇప్పుడా పాప బడికెళుతోంది. మొన్న సెలవులకు వెళ్తే, ‘పిన్నీ, ఇటు చూడు’ అంటూ హాల్లో చాప పరిచి వెనక్కి విల్లులా వంగి చూపించింది. బడిలో యోగా టీచరు నేర్పారట. అమ్మ వంటింట్లోంచి చూసి ఒక్క క్షణం ఉలిక్కిపడింది. తర్వాత గట్టిగా నవ్వేసింది. ఉప్పూ మిరపకాయలూ మాత్రం తిప్పకుండా ఊరుకోలేదనుకోండి!